మా నడుం కొలతలు ఏమయ్యాయి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, ఆ శాఖల పెద్ద అధికారులకు నమస్కారం.

నేను లేడీస్ టైలర్ని. గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో ఇంటి వరండాలోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆడవాళ్ళ నడుం కొలతలు రోజూ నా చేతులమీదుగా పోతాయి, అందుకే ఈ ఒక్క విషయంలో మీతో నేరుగా మాట్లాడొచ్చు అనుకుంటున్నాను. ఇందులో మీరు చూడబోయే సర్వే అంకెలన్నీ మా అమ్మాయి తెచ్చి నాకు విడమరిచి చెప్పినవి, తను హైదరాబాద్‌లో న్యూట్రిషన్ చదివింది. మిగతాదంతా నా కళ్ళతో చూసిందే.

కిందటేడు వానాకాలంలో ఒకరోజు మా వీధికి ఆరోగ్య సర్వే అంటూ ఒక అమ్మాయి వచ్చింది. చంకలో ఫారాలు, చేతిలో ఫోను, చీర కుచ్చిళ్ళ నిండా బురద. పక్కింటి పిన్నిగారు నా దగ్గరే కూర్చుని ఉన్నారు, ఆవిడకి యాభై నాలుగేళ్ళు. ఆ అమ్మాయి వరసగా అడుగుతూ వచ్చింది, వయసెంత, పొగాకు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగరు, బీపీ ఉన్నాయా అని. అలా అడుగుతూ అడుగుతూ "పిన్నిగారూ, మీ నడుం ఎంతుంటుందండీ?" అంది. ఆవిడ నా వైపు చూసి "నాకేం తెలుసమ్మా, టైలరమ్మ ఉందిగా, అడుగు" అన్నారు. టేపు తియ్యమ్మా అన్నాను ఆ అమ్మాయితో. టేపు లేదండీ అంది. ఎప్పట్నుంచి లేదు అంటే, ఇచ్చింది పాడైపోయింది, మళ్ళీ రాలేదు, అందాజుగా వేస్తున్నాం అంది. నా మెడలో టేపు తీసి ఇచ్చాను. కొలిస్తే 94 సెంటీమీటర్లు వచ్చింది. అంతకుముందు ఏడాది ఆవిడ పేరు ఎదురుగా 78 అని రాసి ఉంది.

ఆ అమ్మాయిది తప్పు అనడం లేదు నేను. ఎండలో వానలో ఇల్లిల్లూ తిరిగేది వాళ్ళే, ఎవరికి పురుడు దగ్గరపడిందో ఎవరికి జ్వరం తగ్గలేదో చెప్పగలిగేది వాళ్ళే. కానీ ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో తర్వాత మా అమ్మాయి చెబితే నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ నింపాల్సిన ఆ ఫారంలో, ఆడవాళ్ళకి నడుం 80 సెంటీమీటర్లలోపు ఉంటే సున్నా, 81 నుంచి 90 దాకా ఒక మార్కు, 90 దాటితే రెండు. మగవాళ్ళకి ఈ గీతలు 90, 100 దగ్గర ఉంటాయి. వయసుకి, అలవాట్లకి, వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు వంచే పని చేస్తారా అన్నదానికి, ఇంట్లో జబ్బులకి కూడా మార్కులు వేసి, మొత్తం నాలుగు దాటితే వాళ్ళని ముందుగా షుగరు, బీపీ పరీక్షలకి పంపాలి. అంటే 78 అని రాసినందుకు పిన్నిగారికి సున్నా పడింది, పడాల్సింది రెండు. వెనక వరసలో కూర్చోబెట్టేశారు ఆవిడని. ఇరవై రూపాయల టేపు లేక.

ఇక్కడ 80 అనే అంకె గురించి ఒక మాట చెప్పాలి, మా పనివాళ్ళకి అది బాగా తెలిసిన అంకె. చీరతో వచ్చే జాకెట్ ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లుంటుంది. నేను పని నేర్చుకున్న కొత్తల్లో ఆ ముక్కలో జాకెట్ కుట్టేసి, మిగిలిన పేలికతో చేతులకి పైపింగ్ కూడా వేసేదాన్ని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి అది చాలదు, మీటరు గుడ్డ విడిగా కొనుక్కు రమ్మనాలి, లేదంటే చంక కింద అతుకు వెయ్యాలి. ఆది జాకెట్ తెచ్చి "దీనికన్నా రెండంగుళాలు వదులు పెట్టక్కా" అనే మాట వారంలో పదిసార్లు వింటాను. పూర్వం లోపల పక్కకుట్టు ఒకటి ఎక్స్‌ట్రా వేసి వదిలేవాళ్ళం, ఇప్పుడు మూడు వేస్తున్నాను, సంక్రాంతికి ఒకటి విప్పుకుంటారు, శ్రావణమాసానికి ఇంకొకటి విప్పుకుంటారు.

నా దగ్గర కొలతల పుస్తకాలు పదకొండున్నాయి. ఒకే మనిషి పేరు ఎదురుగా నడుం 28 అంగుళాలు, తర్వాత పుస్తకంలో 30, ఆ తర్వాత 33, మొన్న 36. ఇలాంటి పేజీలు ఎన్నని చూపించను? పైగా జాకెట్‌కి మేము తీసే నడుం పక్కటెముకల కింది అంచు దగ్గర కొలత, మీ ఫారానికి కావలసింది ఇంకా కిందికి, పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, పొట్ట పడే చోట. అక్కడ కొలిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు సర్కారు అంకెలకి వస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2005-06లో చేసినప్పుడు దేశం మొత్తం మీద నూటికి 12.6 మంది ఆడవాళ్ళు, 9.3 మంది మగవాళ్ళు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. 2019-21 నాటికి ఆడవాళ్ళు 24, మగవాళ్ళు 22.9 అయ్యారు. పదిహేనేళ్ళలో రెట్టింపు. అదే సర్వేలో ఢిల్లీ, పంజాబ్, తమిళనాడు ఆడవాళ్ళు నూటికి 40 దాటారు, కేరళ 38, ఆ వెనకే మన ఆంధ్రప్రదేశ్ 36.3. తెలంగాణ 30.1. బీహార్‌లో 16 దగ్గర, జార్ఖండ్‌లో 12 దగ్గర. మగవాళ్ళ సంగతి చూస్తే తెలంగాణ నాలుగైదేళ్ళలో 24 నుంచి 32కి ఎగబాకింది, ఆంధ్రలో 31. ఇవన్నీ బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, 25 దాటినవాళ్ళ అంకెలు. మన ఒంటి తీరుకి 23 దగ్గరే జాగ్రత్తపడాలని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు, ఆ లెక్కన చూస్తే ఇంకెంతమంది చేరతారో మీకే తెలియాలి.

అసలు బరువు ఒక్కటే చూస్తే మనవాళ్ళ విషయంలో మోసపోతాం. పూణే డాక్టర్ యాజ్ఞిక్ గారు, ఇంగ్లండ్ డాక్టర్ యడ్కిన్ గారు కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. పైకి సన్నగా కనబడుతూనే కొవ్వు లోపల పేరుకునే తత్వం మనది. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) పెద్ద సర్వేలో కూడా బీఎంఐ లెక్కన ఊబకాయం 28.6 శాతమైతే, పొట్ట చుట్టూ పెరిగిన ఊబకాయం 39.5 శాతం ఉంది. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులకి జాకెట్ కుట్టడం ఎంత కష్టమో నన్నడగండి, ఆది జాకెట్ చూసి కుడితే అస్సలు కుదరదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. ఆ కుటుంబ సర్వేలో ఆడవాళ్ళ నడుం, బరువు కొలిచేది 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకే. పిన్నిగారికి యాభై నాలుగు. ముట్లాగిపోయాక, నలభై ఎనిమిది యాభైల మధ్య, నా పుస్తకాల్లో నడుం కొలత ఒక్కసారిగా మూడు నాలుగంగుళాలు పెరిగే వయసు అది. సరిగ్గా అక్కడే ఆ సర్వే టేపు ఆగిపోతుంది. ఆవిడని అక్కడ లెక్కపెట్టరు, ఇక్కడ ఫారంలో అందాజుగా వేస్తారు. ఇక ఆవిడ ఎక్కడుంది మీ కాగితాల్లో?

ఇంక జిల్లాల సంగతి. మా ఆయన ఉద్యోగం వల్ల మేము పాడేరులో ఆరేళ్ళున్నాం. అక్కడ కుట్టిన కొలతల పుస్తకం కూడా నా దగ్గరుంది. ఆ ఆడవాళ్ళు కొండ దిగి సంతకి వచ్చి, మళ్ళీ నెత్తిన మూటతో కొండ ఎక్కి పోయేవాళ్ళు. చోడి అంబలి తాగేవాళ్ళు, సామలు వండుకునేవాళ్ళు. ఒక్కో పిల్లకి నడుం 24 అంగుళాలు వస్తే నాకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది, ఎందుకంటే కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉండేది. అక్కడ సన్నదనం ఆరోగ్యం కాదు, తిండి చాలకపోవడం. ఇప్పుడు చెప్పండి, ఆ సర్వే పాత 13 జిల్లాల లెక్కన జరిగింది. విశాఖపట్నం జిల్లా అని ఒక్కటే అంకె ఇచ్చారు. అందులో విశాఖ బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లో ఉండే ఆవిడా, పాడేరు అడవిలో మూట మోసే ఆవిడా ఇద్దరూ కలిసిపోయారు. ఒకరి లావూ ఇంకొకరి బక్కదనమూ కలిపి సగటు తీస్తే వచ్చే మనిషి ఎక్కడా ఉండదు. తూర్పుగోదావరి కూడా అంతే, రంపచోడవరం, రాజమండ్రి ఒకే అంకెలో. 2022లో జిల్లాలు విడగొట్టారు కాబట్టి పాడేరు ఉన్న అల్లూరి జిల్లా వేరైంది, మంచిదే. కానీ మా జిల్లాలోనే బందరు రోడ్డు మీది ఊళ్ళకీ చేపల చెరువుల మధ్య ఊళ్ళకీ పోలిక లేదు. తెలంగాణలో హైదరాబాద్‌నీ ఆసిఫాబాద్‌నీ ఒకే మాటతో మాట్లాడటం కూడా ఇలాంటిదే. దేశం మొత్తం మీద పట్నం ఆడవాళ్ళలో నూటికి 33 మంది, పల్లెల్లో 20 మంది అధిక బరువు అని ఉంది. అది చూసి పల్లెలకి ఫరవాలేదనుకుంటే ఒకసారి మా డెల్టా పల్లెలకి రండి.

మా ఊళ్ళో ఎందుకిలా అయిందో నాకు తెలిసింది చెబుతాను. నేను కాపురానికి వచ్చినప్పుడు మా వీధి ఆడవాళ్ళు సగం మంది నాట్లకి, కలుపులకి, కోతలకి పోయేవాళ్ళు. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని పోతే పొద్దుగూకాకే రావడం, నడుం వంచి ఎనిమిది గంటలు బురదలో. ఇప్పుడు కోత యంత్రం వచ్చింది, చాలా పొలాలు చేపల చెరువులైపోయాయి. చెరువుల మీద ఆడవాళ్ళకి పెద్దగా పని ఉండదు, మేత చల్లడం, వల లాగడం అన్నీ మగవాళ్ళే. ఆ చేపలేమో ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకీ అస్సాంకీ పోతాయి. రోలు పోయింది, తిరగలి పోయింది, బట్టలకి మిషన్లొచ్చాయి, పక్క వీధికి కూడా బండి మీదే. ఆ కష్టం మళ్ళీ రావాలని నేను అనను, మా అత్తగారి నడుం ఆ నాట్లలోనే వంగిపోయింది, చివరిదాకా నిటారుగా నిలబడలేకపోయింది. కానీ పని పోయింది, అన్నం మాత్రం అప్పటి కొలతలోనే ఉండిపోయింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో సాయంత్రం పునుగుల బండి, ఇంట్లో పిల్లలకి కొన్న చిప్స్ ప్యాకెట్లో మిగిలినవి. పప్పు పల్చనైంది, నూనె పాకెట్లు మాత్రం నెలకి ఎక్కువవుతున్నాయి.

మీ దగ్గరున్న పెద్ద తాళంచెవి రేషను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా అమ్మ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది, ఆ మేలు నేను మరిచిపోను. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు, తినలేక అమ్ముకునే దొడ్డు బియ్యం కన్నా అది వెయ్యి రెట్లు నయం. నా బాధ బియ్యం గురించి కాదు, బియ్యం పక్కన ఏముందో దాని గురించి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే 2024లో రాసిన మాట ఇది: రోజుకి కావలసిన శక్తిలో ధాన్యాల నుంచి 45 శాతం మించి రాకూడదు, మనవాళ్ళకి 50 నుంచి 70 శాతం దాకా అక్కడ్నుంచే వస్తోంది. పప్పులు, గుడ్లు, మాంసం, చేపల నుంచి 14 శాతం రావాల్సింది 6 నుంచి 9 దగ్గరే ఆగిపోతోంది. హైదరాబాద్‌లో సర్కారు సంస్థ ఇలా చెబుతుంటే, మా డిపోలో కందిపప్పు ఒక నెల ఉంటే రెండు నెలలు స్టాక్ లేదంటారు. బయట కొనలేక బియ్యంతోనే కడుపు నింపుకుంటారు, కడుపు నిండుతుంది, నడుం పెరుగుతుంది, రక్తం మాత్రం పెరగదు. అదే కుటుంబ సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 58, 59 మంది ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని రాశారు కదా. "ఇంత లావుంది, దీనికి రక్తం తక్కువేంటి" అని మా వీధిలో ఒకావిడని అందరూ నవ్వారు. నవ్వాల్సిన విషయం కాదు అది. పప్పు, గుడ్డు లేని అన్నం తిన్న మనిషికి ఆ రెండూ ఒకేసారి వస్తాయి.

నడవమని చెబుతారు డాక్టర్లందరూ. ఎక్కడ నడవాలి? మా ఊరి రోడ్డుకి అంచు లేదు, ఇసుక లారీలు ఒరుసుకుంటూ పోతాయి. తెల్లవారుజామున కాలవగట్టు మీద నడుద్దామంటే లైట్లు లేవు, కుక్కలు, మెళ్ళో నల్లపూసలు లాక్కుపోతారన్న భయం. ఊరి హైస్కూల్ గ్రౌండు చుట్టూ చక్కగా గోడ ఉంది, చెట్లున్నాయి, సాయంత్రం ఐదింటికి గేటుకి తాళం పడుతుంది. ఆ తాళం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తీసి, రెండు లైట్లు వేసి, ఇది ఆడవాళ్ళ టైము అని బోర్డు పెడితే మా వీధి నుంచే ముప్పై మంది వస్తారు, నేను పేర్లు రాసి ఇస్తాను. విద్యాశాఖది మాకు సంబంధం లేదనకండి. మీరు మీరూ మాట్లాడుకోండి.

మగవాళ్ళ గురించి ఎక్కువ రాయలేదు, నాకు తెలిసింది తక్కువ. మా అల్లుడు హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం, పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి అమెరికా వాళ్ళ కాల్స్ అయ్యేదాకా లేవడు, తొమ్మిదిన్నరకి ఆర్డర్ పెట్టిన బిర్యానీ తిని పడుకుంటాడు. ముప్పై మూడేళ్ళకే బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. 24 నుంచి 32 అయిన ఆ తెలంగాణ అంకెలో ఇలాంటి పిల్లలు ఎంతమందో. 2025 నుంచి బరువు తగ్గడానికి వారానికొక ఇంజెక్షన్ కూడా మన దేశంలో వచ్చిందట, వచ్చిన కొత్తల్లో నెలకి వేలల్లో ఖర్చు. డబ్బున్నవాళ్ళు డాక్టరు చెబితే వేయించుకుంటారు. పునుగుల బండి నడిపే ఆవిడకీ, నాకూ అది దారి కాదు.

మా వాళ్ళ మాటల్లో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. కాస్త ఒళ్ళు చేస్తే "బాగా కోలుకున్నావే, కళొచ్చింది" అంటాం. తగ్గితే "ఏమైందే, షుగరొచ్చిందా" అంటాం. మరీ లావైతే ఆ మనిషినే తిండిపోతని వెక్కిరిస్తాం. ఈ వెక్కిరింపుల వల్లే నా దగ్గర కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు, ఎంతమందికి చెప్పానో, వదిలెయ్ తల్లీ, నేను ఎవరికీ చెప్పను అని. డాక్టరు గదిలో కూడా "ముందు బరువు తగ్గి రా" అనే మాట తప్ప ఇంకేం వినరు, అందుకే మళ్ళీ వెళ్ళరు. మీ సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పండి. కొలిచేవాళ్ళు మర్యాదగా కొలిస్తే మనుషులు దాచుకోరు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఏ మండలంలో ఎన్ని నడుములు కొలిచారు, ఎన్ని 80 దాటాయి, ఎన్ని 90 దాటాయి, వాళ్ళలో ఎంతమందికి షుగరు, బీపీ పరీక్ష జరిగింది, ఈ నాలుగు అంకెలు ఆర్నెల్లకోసారి మండల ఆఫీసు గోడ మీద, సచివాలయం గోడ మీద, తెలుగులో రాసి పెట్టండి. పేర్లొద్దు, అంకెలు చాలు. యాభై దాటిన ఆడవాళ్ళని విడిగా చూపించండి. అప్పుడు పాడేరుకి పప్పు ఎక్కువ పంపాలా, మా ఊరికి గ్రౌండు తాళం తియ్యాలా, హైదరాబాద్‌లో ఆఫీసుల దగ్గరికి పోయి కొలవాలా అన్నది మీకే కనబడుతుంది. మా పొలం మట్టికి పరీక్ష చేసి ఏ ఎరువు ఎంత వెయ్యాలో కార్డు రాసిచ్చారు. మా ఒళ్ళు ఆ మట్టికన్నా తక్కువదా?

పిన్నిగారికి తర్వాత పరీక్ష చేయించాం, మేమే ఆటోలో తీసుకెళ్ళాం. పరగడుపున షుగరు 186 వచ్చింది. ఎప్పట్నుంచి ఉందో ఎవరికీ తెలియదు. పాదం మొద్దుబారుతోందని రెండేళ్ళుగా అంటూనే ఉన్నారావిడ, చెప్పులు పడకేమో అనుకున్నాం.

ఆ సర్వే అమ్మాయికి ఇచ్చిన టేపు నేను వెనక్కి తీసుకోలేదు. మొన్న వీధిలో కనబడి "అక్కా, ఇప్పుడు అందరినీ దాంతోనే కొలుస్తున్నా" అంది. తనతోపాటు పనిచేసే మిగతావాళ్ళ దగ్గర ఇంకా లేవట. మా పీహెచ్‌సీ వాళ్ళు ఒప్పుకుంటే ఆ మిగతా టేపులు నేనే కొని పంపిస్తాను. కొలిచిన అంకెలు మాత్రం మీరు మాకు చూపించాలి.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
కృష్ణా జిల్లా